ఎడమకు తిప్పిన దారం

పదకొండో భాగం

ఫిబ్రవరి ఇరవై ఎనిమిది పొద్దున మొహం కడుక్కోవడానికి కలీనా చొక్కా చేతులు పైకి మడిచింది. ఎడమ మణికట్టు మీద ఎర్ర దారం, తెల్ల దారం కలిపి పేనిన మార్తెనిత్స ఉంది. ఆమె తండ్రి స్టామెన్‌ని పోయిన వారం అక్కడే వదిలేశాం, చేతిలో సబ్బుతో.

అతని పరిస్థితి ఇది. లారీ డ్రైవరు, ముప్పై ఎనిమిదేళ్లు. భార్య బిల్యానా ఇటలీలో ముసలివాళ్లను చూసుకునే పనికి వెళ్లి మూడేళ్లయింది. పద్నాలుగు నెలలుగా ఆమె నుంచి ఉత్తరం లేదు, ఫోను లేదు. ఏడేళ్ల కలీనాని తనకు అప్పగించమని అత్తగారు పరస్కేవా పిల్లల సంక్షేమ శాఖలో అర్జీ పెట్టింది. విచారణ మార్చి నాలుగున. ఆ రోజు ఓడిపోతే కూతురు అతనికి నెలకోసారి చూడ్డానికి వెళ్లే పిల్ల అవుతుంది.

"ఇదెవరు కట్టారు?" అన్నాడు స్టామెన్.

"ఎవరూ కట్టలేదు."

"దానంతటదే వచ్చి చేతిమీద కూచుందా?"

"ఊఁ."

"నా మొహం చూసి చెప్పు."

కలీనా మొహం చూసింది కానీ చెప్పలేదు. "చెప్తే అది పనిచెయ్యదు నాన్నా," అని మాత్రం అని, చొక్కా చెయ్యి కిందికి లాక్కుంది.

వసంతాన్ని తెచ్చే మార్త అవ్వ మార్చి ఒకటిన వస్తుందని ఇక్కడి నమ్మకం. ఆ తెల్లవారి ఇంట్లో పెద్దావిడ అందరి చేతులకూ మార్తెనిత్స కడుతుంది. కొంగ కనిపించేదాకో, ఏదో ఒక చెట్టు పూసేదాకో తియ్యరు. వాళ్ల ఊరు ట్ర్యావ్నా వీధుల్లో దుకాణాల ముందు వారం రోజులుగా వేలాడుతున్నా ఒక్కటి కూడా ఎవరి చేతికీ ఎక్కదు. అంతకు ముందు కట్టకూడదని పాలు తాగే పిల్లకు కూడా ఎవరూ చెప్పనక్కర్లేదు.

అలాంటిది ఒకరు కట్టారు. పొరపాటున కాదు, తొందరపడీ కాదు. రేపు పొద్దున కలీనా చెయ్యి తమకు అందదని తెలిసినవాళ్లే కట్టి ఉండాలి.

నిన్న బడి నుంచి పిల్లను తీసుకెళ్లింది పరస్కేవా.

స్టామెన్ టవలుతో కూతురి చేతులు తుడుస్తూ, తుడుస్తున్నట్టే ఆ దారాన్ని ముట్టుకున్నాడు. గట్టి పేనిక. ఎరుపూ తెలుపూ ఎక్కడా వదులు లేకుండా, ఒకే వాలుగా, ఎడమకు తిరిగి ఉన్నాయి. పది రోజుల కిందట అయితే అతనికి అది ఉత్త దారం. ఇప్పుడు కాదు.

పది రోజుల కిందట బడి నుంచి ఒక చీటీ వచ్చింది. ప్రతి పిల్లా ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి ముప్పై మార్తెనిత్సలు చేసి తేవాలి, తరగతిలో ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటారు. స్టామెన్ తిన్నగా బస్టాండు పక్క బడ్డీకి బయల్దేరాడు. కలీనా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పోయినేడు కూడా కొన్నావు. ప్లాస్టిక్ పూసలున్నవి. నావి ఎవరూ పెట్టుకోలేదు."

ఆ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర తండ్రీ కూతుళ్లు ఎదురెదురుగా నిలబడి చెరో కొస పట్టుకున్నారు. తిప్పారు, తిప్పారు. దారం బల్ల మీద చచ్చినట్టు పడుకునే ఉంది, పేనిక ఎక్కలేదు. అరగంట తర్వాత కలీనాకి అర్థమైంది.

"నువ్వు కుడికి తిప్పుతున్నావు నాన్నా. నేను ఎడమకి. నీది నేను విప్పేస్తున్నా, నాది నువ్వు విప్పేస్తున్నావు."

"అయితే నువ్వు కుడికి తిప్పు."

"తిప్పను. అమ్మ ఎడమకే నేర్పింది."

అతనే మారాడు. ఇద్దరూ ఎడమకు తిప్పాక దారం బిగిసి, తీగలా కంపించింది. కలీనా మధ్యలో గడ్డం ఆనించి, రెండు కొసలూ కలపమని కళ్లతో చెప్పింది. కలిపాడు. ఆమె గడ్డం తీసేసిన క్షణంలో ఆ దారం సర్రున తన చుట్టూ తానే చుట్టుకుపోయి, ఎర్రా తెల్లా చారల తాడయింది. స్టామెన్ గట్టిగా నవ్వేశాడు. ఎందుకు నవ్వాడో అతనికే తెలియలేదు. పదిహేనేళ్లు చక్రం తిప్పి ఊళ్ల మధ్య సరుకు మోసిన చేతులు, ఎదురుగా ఏదైనా పుట్టడం చూసింది అదే మొదటిసారి. "ఇంకోటి," అన్నాడు. ముప్పై సరిపోతాయని కలీనా చెప్పినా వినలేదు. తెల్ల బొమ్మ పీజో, ఎర్ర గౌను బొమ్మ పెందా, కుచ్చులు, గుర్రాలు. నలభై ఆరు చేశారు. గాబ్రోవో రోడ్డు మీద లారీ నడుపుతూ కూడా, కుచ్చు మెడ ఎంత పైన కడితే బావుంటుందా అని ఆలోచించేవాడు.

పక్కింటి గెంచో కంచె మీదుగా చూసి ఊరుకోలేకపోయాడు. రిటైరైన కరెంటు మేస్త్రీ. స్టామెన్ లారీ మీద ఉన్నప్పుడు ఉత్తరాలు పోస్టు చెయ్యడం, ఉత్తరాల పెట్టె తాళంచెవి, పొయ్యిలో కట్టెలు, కలీనాకి సూపు, అన్నీ ఆయనవే.

"ఒరేయ్ స్టామెన్, పెళ్లికూతురి సామాను సర్దుకుంటున్నావా?"

"నీకూ ఒకటి చేస్తాను బాబాయ్, నోరు కట్టుకోవడానికి."

"చెయ్యి, చెయ్యి. కానీ ఆ తిప్పడమేంట్రా? ఊరంతా కుడికి తిప్పుతుంటే మీ ఇంట్లో ఈ ఎడమేంటి? ఇటివ్వు. మెడ దగ్గర దారంతో కడితే ఊడొస్తుంది. ఇదిగో, రాగి తీగ. రెండు చుట్లు చాలు, మనవరాళ్ల దాకా ఉంటుంది."

తీగ చుట్ట కంచె మీద పెట్టి వెళ్లాడు. కలీనా దాన్ని ముట్టుకోనివ్వలేదు. తీగ మార్త అవ్వకి గుచ్చుకుంటుందట.

ఆ పది రోజుల్లో స్టామెన్ వేళ్లకు ఒక చదువు వచ్చింది. అందుకే టవలు చాటున ఆ మార్తెనిత్సను ముట్టుకోగానే రెండు సంగతులు తెలిసిపోయాయి. పేనినవాళ్లు ఇద్దరు. ఒకటి కలీనాదైతే, రెండోది బలమైన చెయ్యి.

పరస్కేవా కుడి చెయ్యి జనవరి నుంచీ సిమెంటు కట్టులో ఉంది.

బడి గేటు దగ్గర టీచరు రుమ్యానాని పక్కకు పిలిచాడు. "ఇవాళ పన్నెండుకి నేనే వస్తాను టీచర్ గారూ. అమ్మమ్మతో పంపకండి. ఇంకెవరు వచ్చినా పంపకండి."

"నోటిమాట చాలదండీ. విచారణ నడుస్తోంది కదా, కాగితం మీద రాసివ్వండి. మీరు రాలేకపోతే ఎవరో అది కూడా రాయండి. పోయిన నెల మీ లారీ మంచులో ఆగిపోతే పిల్ల సాయంత్రందాకా నా దగ్గరే కూచుంది."

గేటు స్తంభం మీద పెట్టి రాసిచ్చాడు. కలీనా వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. చొక్కా చెయ్యి జారి ఎరుపు ఒక్క క్షణం మెరిసింది.

పరస్కేవా ఇల్లు వంతెనకు అవతల. పదకొండున్నరకు స్టామెన్ తలుపు తట్టకుండానే తోశాడు.

"కాళ్లు తుడుచుకో. ఏడాదికి ఒకసారి వచ్చినా నా గచ్చు మీదకి బురదే తెస్తావు," అంది ఆమె పొయ్యి పక్క నుంచి లేవకుండా.

"రేపు కలీనాని ఎక్కడికి తీసుకుపోతున్నారు అత్తయ్యా?"

"కూచో."

"కూచోను."

"అయితే నిలబడు. బనిత్స వేడిగా ఉంది. నిలబడి కూడా తినొచ్చు."

బల్ల మీద గుండ్రటి పళ్లెంలో బనిత్స పొగలు కక్కుతోంది. పిండి పొరలు కాగితంలా పల్చగా, చుట్లు చుట్లుగా ఉన్నాయి. అతను పళ్లేన్ని చూశాడు, కడిగి పొయ్యి పక్క ఆరబెట్టిన అప్పడాల కర్ర చూశాడు, సిమెంటు కట్టు చూశాడు.

"ఎవరు చేశారు?"

"పక్కింటి త్సాంకా తెచ్చిచ్చింది."

"కర్ర కూడా కడిగి పెట్టి వెళ్లిందా?"

"నువ్వు పోలీసుల్లో ఎప్పుడు చేరావు? లారీ అమ్మేశావా?"

స్టామెన్ జేబులోంచి రెండు దారాలు తీశాడు. పది రోజులుగా ఏ కోటు జేబులో చెయ్యి పెట్టినా దారమే. ఒక కొస ఆమె ఒళ్లో పెట్టాడు. "పట్టుకోండి. తిప్పండి."

"నాకు ఆటలాడే వయసు కాదు."

"నిన్న ఆడారుగా. కలీనా చేతికి కట్టారుగా."

ఆమె ఎడమ చేత్తో దారం కొస తీసుకుంది. ఆ వేళ్లు నలభై ఏళ్లు మగ్గం మీద పనిచేసి కొమ్మల్లా బిగుసుకున్నాయి. బొటనవేలు చూపుడువేలికి అందలేదు. దారం జారి ఒళ్లో పడింది. మళ్లీ తీసింది. మళ్లీ పడింది.

"తలుపు గొళ్లేనికి తగిలించాను," అంది చివరికి.

"గొళ్లేనికి తగిలించినా ఒక కొస తిప్పాలిగా అత్తయ్యా."

"ఓహో. ఎప్పటినుంచీ ఇంత విద్య? పోయినేడు పిల్లకి ప్లాస్టిక్ పూసలు కట్టి పంపించింది నువ్వేగా. వీధంతా నవ్వింది."

"నవ్వనివ్వండి. ఈ ఏడు నేర్చుకున్నాను. ఆ ముడి ముందే కట్టింది. రేపు పిల్ల ఇక్కడుండదు. నాలుగో తేదీ దాకా కూడా ఆగలేకపోయారా? ఎవరు తీసుకెళ్తున్నారు? ఎన్నింటికి బండి?"

ఆమె కళ్లు ఒక్కసారి గోడవారకి వెళ్లొచ్చాయి. అక్కడ కోట్ల కింద ఆకుపచ్చ ప్రయాణపు సంచి ఒకటి ఉంది. స్టామెన్ రెండంగల్లో చేరి జిప్పు లాగాడు. ఉన్ని స్వెట్టరు, ఆడవాళ్ల బూట్లు, దువ్వెన, నర్సులు తొడుక్కునే తెల్ల కోటు. అడుగుదాకా వెతికాడు. ఏడేళ్ల పిల్లది ఒక్క సాక్సు కూడా లేదు.

చేతులు అక్కడే ఆగిపోయాయి.

"ముందే కడితే రేపు పిల్ల ఉండదనుకున్నావు. సగమే ఆలోచించావు స్టామెన్," అంది పరస్కేవా. మొదటిసారి ఆమె గొంతులో వెటకారం లేదు. "కట్టినవాళ్లు ఉండకపోయినా ముందే కడతారు."

"ఆ సంచి వదిలెయ్," అంది ఇంకో గొంతు.

మగ్గం గది తలుపులో బిల్యానా నిలబడి ఉంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. మోచేతుల దాకా పిండి అంటి ఉంది. మూడేళ్లలో స్టామెన్ ఈ క్షణాన్ని చాలా రకాలుగా ఊహించుకున్నాడు. ఏ ఊహలోనూ ఆమె అతన్ని చూసి గోడవైపుకి అంత దూరం జరగలేదు.

"ఎప్పుడొచ్చావు?"

"మంగళవారం. రెండింటి రైలుకి పోతాను. నేను పోయేదాకా ఆగు చాలు. పిల్లని ఎక్కడికీ తీసుకుపోకు."

"నేనెందుకు తీసుకుపోతాను?"

"నువ్వే రాశావుగా."

"ఏం రాశాను?"

ఆమె నవ్వబోయి మానేసింది. "అమ్మా, వినిపిస్తోందా? ఏం రాశానని అడుగుతున్నాడు."

"పద్నాలుగు నెలలయింది బిల్యానా. నీ నంబరు మారింది. నేను రాసిన ఏ ఉత్తరానికీ జవాబు రాలేదు. బతికున్నావో లేదో తెలీదు నాకు."

"ప్రతి ఆదివారం నాకు ఫోను చేస్తుంది," అంది పరస్కేవా.

"మరి మీరు ఒక్క మాట చెప్పలేదే?"

"నీకా? ఆ ఉత్తరాలు రాసినవాడికా?"

బిల్యానా ఏప్రాను జేబులోంచి నాలుగు కవర్లు తీసి బల్ల మీద పరిచింది. టైపు చేసిన కాగితాలు. నిలబడే చదివాడు. పిల్ల నిన్ను మర్చిపోయింది. ఫోను చేస్తే రాత్రంతా ఏడుస్తుంది, చెయ్యకు. నువ్వు వస్తే దాన్ని నీకు కనిపించని చోటికి తీసుకుపోతాను. అన్నిటి కిందా అతని సంతకం, చివర తోక కూడా అతను లాగినట్టే.

ఎక్కడో గడియారం స్తంభం గంటలు కొట్టింది. ఎవరూ లెక్కపెట్టలేదు.

"సంతకం నాదే," అన్నాడు నెమ్మదిగా. "పెట్టింది నేను కాదు."

"ముందు నాకా అనుమానమే రాలేదు. మొదటి మూడు ఉత్తరాలూ నమ్మాను. నువ్వు బయటపెట్టలేని కోపమంతా కాగితం మీద పెడుతున్నావనుకున్నాను. నాలుగోది ఈ నెల వచ్చింది. అందులో ఇది పెట్టారు." ఆఖరి కవరు తిరగేసింది. చిన్న మార్తెనిత్స ఒకటి బల్ల మీద పడింది. "కలీనా చేసింది, ఇదే ఆఖరు, ఇక రాయకు అని."

స్టామెన్ ముట్టుకోకముందే చూశాడు. చారలు అటు వాలాల్సింది ఇటు వాలాయి.

"కుడికి తిప్పింది," అన్నాడు.

బిల్యానా తలెత్తింది. అతన్ని నేరుగా చూడటం అదే మొదలు. "నీకెలా తెలుసు?"

"నేను కుడికి తిప్పబోతే అది వొప్పుకోలేదు. అరగంట గొడవపడింది."

"నాలుగేళ్లప్పుడు నేర్పాను దానికి. చంపినా కుడికి తిప్పదు." ఆమె కుర్చీలో కూలబడింది. "అందుకే వచ్చేశాను. ఇది నా కూతురు చేసింది కాదు. మరి మిగతా ఉత్తరాల్లో దాని గురించి రాసినవి నిజమేనా అనిపించింది. కానీ నీకు తెలిస్తే దాన్ని మాయం చేస్తావని భయం. నిన్న ఇద్దరం కలిసి పేనాం, దానికే కట్టాను. కడుతుంటే ఒక మాటంది. నాన్న కూడా ఎడమకే తిప్పుతాడు ఇప్పుడు, నలభై ఆరు చేశాడు, ఇంకా చేద్దామంటాడు, అని. నిన్నటినుంచీ బుర్ర తిరిగిపోతోంది. అలాంటివాడు ఇలాంటివి రాస్తాడా?"

"మరి నన్నే అడగొచ్చుగా."

"నీ మొహం చూస్తే అబద్ధమో నిజమో నాకెప్పుడు తెలిసింది? దారం చూస్తే తెలుస్తుంది."

పరస్కేవా మొదటిసారి బనిత్స ముక్క ఒకటి కోసి, ఎడమ చేత్తో అల్లుడి ముందుకు తోసింది. అతను చూడలేదు. ఆ పరాయి మార్తెనిత్సను కిటికీ వెలుతురులోకి తీసుకెళ్లి తిప్పుతున్నాడు. కుచ్చు మెడ మీద గోరు ఏదో గట్టిదానికి తగిలింది. ఎర్ర దారాన్ని కొద్దిగా పక్కకు జరిపాడు.

లోపల రాగి తీగ. రెండు చుట్లు.

మనవరాళ్ల దాకా ఉంటుంది.

"మన ఉత్తరాల పెట్టె తాళం ఎవరి దగ్గరుంది?" అంది బిల్యానా, అతని మొహం చూస్తూనే.

స్టామెన్‌కి పదిహేనేళ్లుగా కంచె అవతల నవ్వే ఒక మొహం గుర్తొచ్చింది. లారీ మీద పోతూ ఆయన చేతిలో పెట్టిన సంతకం చేసిన కాగితాలు గుర్తొచ్చాయి. కరెంటు బిల్లు, కట్టెల రసీదు, పెన్షనాఫీసు చీటీ. ఎందుకు చేశాడన్నది మాత్రం ఎంత ఆలోచించినా అందలేదు.

"బడికి చెప్పావా పిల్లని ఎవరికీ ఇవ్వొద్దని?" అడిగింది పరస్కేవా.

"చెప్పాను. రాసిచ్చాను."

"మంచి పని చేశావు."

"నాకు తప్ప ఎవరికీ ఇవ్వొద్దని రాశాను అత్తయ్యా." గోడ గడియారం వైపు చూశాడు. పన్నెండు దాటి పన్నెండు నిమిషాలు. "కింద ఇంకో పేరు కూడా రాశాను."

బిల్యానా అతనికంటే ముందు గుమ్మం దాటింది. ఏప్రాను విప్పలేదు, కోటు వేసుకోలేదు. వంతెన మీద కరుగుతున్న మంచులో ఇద్దరి కాళ్లూ జారాయి. అటు వెళ్తున్నవాళ్లు ఆగి, ఇటలీలో ఉండాల్సిన మనిషి పిండి చేతులతో పరుగెత్తడం చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

బడి ఆవరణ ఖాళీ. టీచరు రుమ్యానా మెట్ల మీద ఒంటరిగా నిలబడి రేపటి కోసం గుమ్మానికి ఎర్ర గుడ్డ కడుతోంది.

"కలీనా ఏది?"

"మీరే రాశారుగా." ఆమె నవ్వుతూనే జేబులోంచి చీటీ తీసింది. "పన్నెండు కొట్టగానే గెంచో గారు వచ్చారు. మీరు గాబ్రోవోలో చిక్కుకుపోయారని చెప్పారు. పాప కూడా గెంతుకుంటూ వెళ్లింది." అంతలో బిల్యానాని చూసి నవ్వు ఆపేసింది. "ఏమైంది? ఆయన ఎప్పుడూ వచ్చే మనిషేగా. వెళ్తూ వెళ్తూ ఇక్కడే, ఈ మెట్టు మీదే పాపని కూచోబెట్టి, ఆ రెండో చేతికి కూడా మార్తెనిత్స ఒకటి కట్టారు. ఇవాళేంటండీ, రేపు కదా కట్టాలి అని నేను ఎగతాళి కూడా చేశాను."